కవరు వెనక అంకె

కుట్టుగది, నలభై రెండు మెట్ల పైన
జనవరి 9

మరదలికి,

ఈ ఉత్తరం చూసి "వదినకి ఇన్నాళ్ళకి తీరిక దొరికిందా" అని మూతి తిప్పకు. తీరిక దొరకలేదు, అంటగట్టారు. ఫోను చెయ్యొచ్చుగా అంటుంది నా మేనకోడలు, అదే, నీ కూతురు. మనిద్దరం ఫోనెత్తితే ఇద్దరమూ ఒకేసారి మాట్లాడతాం, వినేవాళ్ళు ఉండరు, మూడో నిమిషానికి నా పెళ్ళినాటి గొడవ ఏదో ఒకటి పైకి వస్తుంది. మనకి కాగితమే మంచిది. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో నిలబడి ఉత్తరాలు వేరుచేసినదానివి, నీకు నేను చెప్పాలా.

అసలు సంగతికి వస్తాను. నడుము స్కానింగు తీశారు. వెన్నులో నరం వెళ్ళే దారి ఇరుకైపోయిందట. నడిస్తే పిక్కలు బరువెక్కుతాయి, రెండు దీపస్తంభాలు దాటేసరికి కాళ్ళు నావి కావు. ముందుకు వంగి కూర్చుంటే మాత్రం హాయి. అంటే మిషను ముందున్నంతసేపు నాకు ఏ జబ్బూ లేదన్నమాట! ఈ మాట డాక్టరుతో అంటే ఆయన నవ్వలేదు.

నీకు తెలుసుగా, కిటికీలోంచి తాడుకి సంచీ వేలాడదీసి ఉంటుంది. గిలక మావాడే బిగించాడు. కింద గంట లాగి గుడ్డలు సంచీలో వేస్తారు, నేను పైకి లాగి, కుట్టి, దింపుతాను. దాని పుణ్యమా అని అక్టోబరు నుంచి, ఈ స్కానింగుకి తప్ప, నేను మెట్లు దిగలేదు. ఇది తెలిసి మావాడు గొల్లుమన్నాడు. ఊళ్ళో అందరి ఇళ్ళలో కరెంటు బాగుచేసేవాడికి తల్లి సంగతి ఆఖర్న తెలిసింది. తన ఇంటి వెనక కింది గది ఒకటి చూశాడు, మిషను అక్కడికి మార్చేస్తానంటాడు. వెళ్ళి చూశాడట, కిటికీ ఉందట. ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందిరా అంటే, గోడ అన్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళు ఈ కిటికీలోంచి వీధి చూశాను. ఎవరు ఏ రంగు వేసుకుని ఎటు వెళ్తున్నారో నాకు తెలియాలి. గోడని చూస్తూ నేను కాజాలు కుట్టలేను. చస్తే కుట్టలేను.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియో అమ్మాయి వస్తోంది. ఏం చేసినా "ఇంకోసారమ్మా" అంటుంది, అందుకని పేరు ఇంకోసారమ్మ అని పెట్టాను. ఆవిడ పరీక్ష ఇది: కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటావు? జూన్ ఆఖరుకి పన్నెండు వస్తే మావాడు గది ఊసెత్తడు. రాకపోతే మిషను దిగిపోతుంది.

మీ అన్నయ్య పోతూ పోతూ నాకు మిగిల్చిన చేతిగడియారం బల్ల మీద పెట్టుకుని నిన్న మొదలుపెట్టాను. మొదటిరోజే ఎనిమిది! డెబ్భై ఏళ్ళ మనిషికి ఎలా ఉంది?

నువ్వెలా ఉన్నావు? నడుము పట్టేసిందని విన్నాను.

నీ వదిన


పార్కు బెంచీ, పెద్ద గేటు ఎదురుగా
జనవరి 20

వదినకి,

ఉత్తరం అందింది. స్టాంపు వంకరగా అతికించావు. కుట్టు తిన్నగా వేసే మనిషికి స్టాంపు ఎందుకు తిన్నగా రాదో నాకు ఈ జన్మకి అర్థం కాదు.

నా నడుముకి ఏమీ కాలేదు. బీరువా మీద సూట్‌కేసు దించబోయాను, కలుక్కుమంది. వెన్నుపూస ఒకటి కాస్త నలిగిందట. ఎముకలు గుల్లబారాయట. ఒక బెల్టు బిగించారు. అంతే. నవంబరు నాటి మాట అది. ఇప్పుడు రోజూ పొద్దున్నే పార్కుకి వస్తున్నాను. ఇదిగో బెంచీ మీద కూర్చునే రాస్తున్నాను. ఎదురుగా ఇద్దరు ముసలాళ్ళు చదరంగం ఆడుతున్నారు, ఇద్దరూ దొంగాటే.

ఎనిమిదా, పాపం! నీ ఉత్తరం చదివి నిన్న ఊరికే సరదాకి నేనూ చేసి చూశాను. పదకొండు వచ్చాయి. మధ్యలో మా అమ్మాయితో కబుర్లు చెబుతూనే ఉన్నాను. అరవై ఆరు వేరు, డెబ్భై వేరులే, నువ్వు మనసులో పెట్టుకోకు.

ఒక సాయం చెయ్యాలి. బెల్టు పైకి కనబడకుండా పొడుగు కోటు ఒకటి కావాలి. కొలతలు పంపు కుట్టి పంపిస్తాను అంటావు, నాకు తెలుసు. కొలతలు పంపను. కాగితం మీద నమూనా కత్తిరించి పంపు, ఇక్కడే కుట్టించుకుంటాను. మామూలు కొలతే, ఎప్పటిదే. నేనేం మారలేదు.

గోడ కనిపించే గదిలోకి నువ్వెలా వెళ్తావు? ఆ మాట చదివి దిగులేసింది. పన్నెండు తెచ్చుకో.

నీ ఆడపడుచు


కుట్టుగది
ఫిబ్రవరి 6

మరదలికి,

పదకొండా! కబుర్లు చెబుతూనా! తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా. మీ ఇంటివాళ్ళ సంగతి నాకు కొత్త కాదులే, మీ అన్నయ్య కూడా జ్వరం నూట మూడున్నా "ఏం లేదు, వెచ్చగా ఉంది" అనేవాడు.

సరే, నాదీ విను. నేను పదికి వచ్చాను. ఇంకోసారమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. ఇంకా రెండే. మావాడికి ఇప్పటినుంచే మొహం మాడిపోతోంది.

ఆవిడ నేర్పింది ఒకటి నాకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్ళూ గుండెల దాకా లాక్కుని, కాసేపు పట్టుకుని వదలాలి. నరానికి చోటు దొరికినట్టుంటుంది. లేచాక ఒక పావుగంట నేను కాలేజీ పిల్లని.

కోటు నమూనా పంపుతున్నాను. ముందు ముక్కలు రెండు, వీపు, చెయ్యి, కాలరు. చేతికందిన కాగితాల మీద గీసి కత్తిరించాను. ఈ గదిలో తెల్ల కాగితం ఏది కనిపించినా మర్నాటికి కాలరైపోతుందని నీకు తెలుసు. ఒకసారి మీ అన్నయ్య సెలవుచీటీ చొక్కా జేబైపోయింది, గుర్తుందా?

అన్నట్టు, పార్కులోకి పెన్ను రానివ్వరా? ఉత్తరమంతా పెన్సిలుతో రాశావు. పైగా వరసలన్నీ కొండెక్కుతున్నాయి. బెంచీ వాలుగా ఉందా?

నీ వదిన


పార్కు బెంచీ
ఫిబ్రవరి 19

వదినకి,

నమూనా చేరింది. ముక్కలన్నీ దుప్పటి మీద పరుచుకుని చూసుకున్నాను. అంటే, ఇంటికి వెళ్ళాక. కాలరు ముక్క మరీ బాగుంది. ఉత్తరాలు వేరుచేసిన చేతులు కదా, ఏ కాగితాన్నైనా వెనక్కి తిప్పకుండా కింద పెట్టలేవు. కాలరుని ముందూ చూశాను, వెనకా చూశాను. నాకు చాలా నచ్చింది వదినా. ఎందుకో చెప్పను.

పెన్సిలు సంగతి అంటావా, పెన్నులో సిరా అయిపోయింది.

ఈసారి నా అంకె రాయను. నీది పది అన్నావు, సంతోషం. నువ్వు ఎంత కష్టపడుతున్నావో నాకు తెలుసు. నిజంగానే తెలుసు. ఎంత వస్తే అంత. చెయ్యడం ఆపకు, అదే నేను చెప్పేది. వేళాకోళం చెయ్యడంలేదు.

నిన్ను చూసి నేనూ మొదలుపెట్టాను. ఆ మోకాళ్ళు గుండెలకి లాక్కునేది. రెండు రోజులైంది. కాస్త కలుక్కుమంటోంది కానీ కొత్త కదా, అలాగే ఉంటుందనుకుంటాను. బాగా ఊపిరి బిగబట్టి లాగుతున్నాను.

నీ ఆడపడుచు


కుట్టుగది
ఫిబ్రవరి 24, ఎక్స్‌ప్రెస్ పోస్టు

మరదలా,

ఆపు. ఈ ఉత్తరం చేతికి రాగానే ఆపు. మీ అమ్మాయికి ఫోను చేశాను, తియ్యలేదు, సాయంత్రం మళ్ళీ చేస్తాను. ఆమె చెప్పినా నువ్వు వినవని తెలిసే ఇది రాస్తున్నాను.

నువ్వూ నాతోపాటు చేస్తున్నావని ఇంకోసారమ్మకి గొప్పగా చెప్పాను. ఆవిడ చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ఆవిడకి వెన్నుపూస నలిగిందన్నారు కదా? ముందుకి వంగనేకూడదు! మీకు మంచిది ఆవిడకి విషం! ఇంకో పూస నలుగుతుంది!" అని కేకలేసింది. ఇన్నాళ్ళలో ఇంకోసారి అనకుండా ఆవిడ మాట్లాడింది అప్పుడే. నీకు వెన్ను నిటారుగా ఉంచే వ్యాయామాలే చేయించాలట, అవీ దగ్గరుండి చేయించాలట. ఒకే నడుం నొప్పి అనుకుని నా మందు నీ నోట్లో పోశాను. సూది గుచ్చుకున్నా తెలియలేదు.

అంకె రాయనన్నావు. నన్ను ఎక్కడో దాటిపోయి ఉంటావు, నేను బాధపడతానని దాచావు. నువ్వు నాకన్నా ముందుండాలనే ఊపిరి బిగబట్టి లాగుతున్నావు, అదీ నాకు తెలుసు. నువ్వు ఆపాలంటే నేను ఓడిపోవాలి.

అందుకని చెబుతున్నాను. నాది పది కాదు. మొదటిరోజు ఎనిమిదీ కాదు. మొదటిరోజు నాలుగు. మర్నాడూ నాలుగే. ఇవాళ్టికి అయిదు, అదీ ఐదోసారి కుర్చీ చెయ్యి పట్టుకున్నాను, ఇంకోసారమ్మ చూడలేదు. ఇక పోటీ లేదు, నువ్వే గెలిచావు. గెలిచిన మనిషి పడుకుని విశ్రాంతి తీసుకోవచ్చు.

మోకాళ్ళు దించు తల్లీ.

నీ వదిన


మంచం మీద నుంచి
మార్చి 12

వదినకి,

పైన చోటు చూశావా? అది నిజం. ఇంతకుముందు రాసినవన్నీ అబద్ధం. పార్కు లేదు, బెంచీ లేదు. చదరంగం ముసలాళ్ళు ఉన్నారు కానీ వాళ్ళని నేను చూసి నాలుగు నెలలైంది. ముప్ఫై ఏళ్ళు చిరునామాలు సరిచూసిన మనిషిని, నా చిరునామా నేనే తప్పు రాశాను. వెల్లకిలా పడుకుని రాస్తే పెన్ను పారదు వదినా, అందుకే పెన్సిలు. వరసలు కొండెక్కింది అందుకే. నువ్వు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషివి, పెన్సిలు సంగతి అడిగాక ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

నీ అయిదు సంగతి నాకు నీ ఉత్తరం కన్నా ముందే తెలుసు. కాలరు ముక్క వెనక్కి తిప్పి చూడు. తిప్పలేవు, నా దగ్గరుంది. అది మీ ఇంకోసారమ్మ రాసుకునే కాగితం. "నాలుగు, నాలుగు, నాలుగు, అయిదు, కుర్చీ పట్టుకున్నారు" అని ఉంది. ఆవిడ చూసింది వదినా. అన్నీ చూస్తోంది.

అది చదివి ముందు నవ్వాను, బెల్టు లోపల పొట్ట కదిలి నొప్పెట్టేదాకా నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఎందుకంటే నాది సున్నా. పదకొండు కాదు, సున్నా. నవంబరు నుంచి ఈ గది దాటలేదు. మంచం దిగాలంటే భయం, కూర్చుంటే భయం, తుమ్మొస్తే భయం, ఇంకో పూస పుటుక్కుమంటుందని. ఫిజియో దగ్గరికి వెళ్దామని మా అమ్మాయి బతిమాలింది, నేనే కరిచినట్టు మాట్లాడాను. మా వదిన మొదటిరోజే ఎనిమిది చేస్తే నేను సున్నా అని ఎవరికి చెప్పుకోను? ఆ నాలుగు చూశాక, నాలుగుతో మొదలుపెట్టొచ్చన్నమాట అనిపించింది. అందుకే మోకాళ్ళు లాగాను. నాకు తెలిసిన వ్యాయామం అదొక్కటే మరి.

నువ్వు భయపడినట్టు ఇంకో పూస నలగలేదు. మా అమ్మాయి నీ ఫోను అందుకుని పని మధ్యలో ఇంటికి పరిగెత్తుకొచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వారం రోజులు నొప్పి, అంతే. అక్కడి ఫిజియో పెద్దమనిషి, తక్కువ మాట్లాడతాడు. గోడకి వీపు ఆనించి నిలబడమన్నాడు. మడమలెత్తి దించమన్నాడు. ఎత్తు కుర్చీలో రెండు దిళ్ళు వేసి, వీపు వంచకుండా లేవమన్నాడు.

లేచాను వదినా. ఒకటి. దిళ్ళతోనే, అయినా ఒకటి. ఈ అంకె నిజం.

ఇక ఒక నియమం పెట్టుకుందాం. కవరు వెనక పంపేవాళ్ళ చిరునామా రాసే చోట, ఆ వారం అంకె రాయాలి. దాచడానికి వీల్లేకుండా బయటే ఉంటుంది. నేను కవరు వెనక ఏనాడూ తప్పు రాయలేదు, ఇప్పుడు కూడా రాయను.

ఇంకొకటి. నీ కాగితం ప్రకారం కుట్టించిన కోటు వెనక వైపు పైకి లేస్తోంది. దర్జీ తప్పు కాదు. నా వీపు గుండ్రమైంది. మూడు సెంటీమీటర్లు పొట్టిదాన్నయ్యాను. కొలతలు పంపనన్నది అందుకే. ఇదిగో, వెనక కాగితం మీద రాసి పంపుతున్నాను. నవ్వితే నవ్వు.

నీ ఆడపడుచు

(కవరు వెనక: 1)


కుట్టుగది
మార్చి 21

మరదలా,

నవ్వలేదు. కొలతల కాగితం మిషను మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను. నాలుగు నెలలు పడుకుని ఉన్నావు, నేను ఇక్కడ పెన్సిలు గురించి వెటకారాలు ఆడుతున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది. తర్వాత నీ మీదా వచ్చింది. తర్వాత ఆకలేసింది, తిన్నాను.

ఇక దర్జీగా చెబుతున్నా విను. గుండ్రంగా ఉన్న వీపుకి వెనక ముక్క రెండు వేళ్ళు పొడుగు పెంచాలి, మెడ దగ్గర చిన్న మడత కుట్టాలి. అంతే పని. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగం మందికి అలాగే కుడతాను, ఒక్కరికీ చెప్పను. కొలత ఎలా ఉంటే కుట్టు అలా ఉండాలి, గుడ్డని బట్టి మనిషిని నరుకుతామా? కోటు నేనే కుడుతున్నాను, ముదురు నీలం.

ఇంకోసారమ్మని నిలదీశాను, అయిదోది చూశారా అని. "చూశానమ్మా, మీరే చెప్తారని ఆగాను" అంది. నాకు దొంగకి తేలు కుట్టినట్టయింది. పైగా ఆవిడ కోపం సంచీ మీద పడింది. మీ నరం కన్నా ఈ సంచీయే మిమ్మల్ని ఎక్కువ కూర్చోబెట్టింది అంటుంది. రోజుకి రెండు బేరాలకి నేనే మెట్లు దిగాలట. మొదట ఏడు మెట్లు, నెలకి ఇంకో ఏడు. మావాడు మెట్ల మలుపులో, ఇరవై ఒకటో మెట్టు దగ్గర, కూర్చోవడానికి ఒక కుర్చీ వేశాడు. గది చూసినవాడే కుర్చీ కూడా వేశాడు. వాడి మనసేమిటో వాడికే తెలియాలి.

నీ వదిన

(కవరు వెనక: 6. చెయ్యి పట్టుకోలేదు.)


వరండా, ఎత్తు కుర్చీ
ఏప్రిల్ 15

వదినకి,

వరండాలో ఉన్నాను, ఇది పెన్నే, చూసుకో. కోటు వచ్చింది. అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాను. వెనక అంచు నేలకి సమానంగా ఉంది. నలిగినదాన్నని ఎవరూ అనరు. నెలల తర్వాత బొట్టు పెట్టెలో అద్దం కాకుండా పెద్ద అద్దం చూశాను.

మా పోస్ట్‌మన్ కొత్తవాడు. నీ ఉత్తరం ఇస్తూ "ఆరు అంటే ఏంటండీ, ఇంటి నంబరా?" అని అడిగాడు. చెప్పాను. ఇప్పుడు గేటు దగ్గర నుంచే అరుస్తాడు, "మీ వదినగారు ఏడుకొచ్చారండోయ్!" అని. వీధి వీధంతటికీ నీ అంకె తెలుసు. జాగ్రత్త, తగ్గావంటే పరువు పోతుంది.

ఒక దిండు తీసేశారు. గేటు దాకా వెళ్ళి వచ్చాను. మధ్యలో భయమేసింది, మా అమ్మాయి చెయ్యి పట్టుకోబోయింది, వద్దన్నాను.

నీ ఆడపడుచు

(కవరు వెనక: 3)


కుట్టుగది
మే 20

మరదలికి,

ఇరవై ఒక్క మెట్లూ దిగి, కుర్చీలో కూర్చుని, మళ్ళీ ఎక్కాను. ఎక్కడం కన్నా దిగడమే కష్టం, నిటారుగా ఉండాలి కదా, కాళ్ళు మొద్దుబారతాయి. కుర్చీలో కూర్చుని ముందుకి వంగితే మళ్ళీ ప్రాణం వస్తుంది. కింది అంతస్తు లెక్కల మాస్టారు ఎదురొచ్చి, "ఏమిటండీ, కిటికీ మనిషి మెట్ల మీదకి వచ్చారు!" అన్నాడు. ఆయన ఇక్కడ దిగిన అయిదు నెలల నుంచీ ప్యాంట్లు కుడుతున్నాను, మొహం ఇదే మొదటిసారి దగ్గర్నుంచి చూడడం.

తొమ్మిది దగ్గర ఇరుక్కుపోయాను. రెండు వారాలుగా తొమ్మిదే. మావాడు ఆ గది గోడకి రంగు వేయించాడట. లేత ఆకుపచ్చ. నాకు ఇష్టమని వేయించాడట. వాడు మంచివాడు, అదే కష్టం. చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని.

నీ వదిన

(కవరు వెనక: 9. మళ్ళీ తొమ్మిదే.)


పార్కు బెంచీ. ఒట్టు, పార్కు బెంచీయే
జూన్ 8

వదినకి,

నమ్మకపోతే ఈ కాగితం మడతలో ఎండుటాకు చూడు, బెంచీ మీద పడింది. చదరంగం ముసలాళ్ళు ఇంకా దొంగాటే ఆడుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను వదినా. ఎండ మొహం మీద పడుతోంది, ఎవరి కుక్కో నా చెప్పు వాసన చూస్తోంది.

తొమ్మిది దగ్గర ఆగిపోతే దిగులెందుకు? నేను మూడు దగ్గర ఇరవై రోజులు ఆగాను. మా ఫిజియో ఆయన ఆ రోజు ఒక పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. "ఆగినా, కూర్చోలేదుగా" అన్నాడు. ఆయన లెక్కలో అది ఉపన్యాసమే. ముక్కు మీద వేలేసుకున్నాను.

నీ ఆడపడుచు

(కవరు వెనక: 5. దిళ్ళు లేవు.)


కుట్టుగది
జూన్ 29

మరదలికి,

నిన్న పరీక్ష అయింది. పోస్ట్‌మన్‌కి కూడా చదివి వినిపించు, పాపం ఎదురుచూస్తుంటాడు.

మావాడు పనిలోంచి తిన్నగా వచ్చాడు, మెడలో తీగలు వేలాడుతూనే ఉన్నాయి. ఇంకోసారమ్మ మీ అన్నయ్య గడియారం పట్టుకుంది. నేను చేతులు కట్టుకున్నాను. మొదలన్నారు. ఆరు దాకా ఏమీ తెలియలేదు. ఎనిమిదికి తొడలు వణికాయి. పది. పదకొండు. పన్నెండోది లేస్తున్నాను, నడుము సగం పైన ఉంది, అయిపోయింది అంది.

ఇంకోసారమ్మే ముందు మాట్లాడింది. "సగం పైన లేస్తే పూర్తి కిందే లెక్కమ్మా. అదే పద్ధతి. పన్నెండు!" అంది. మావాడు ఊపిరి వదిలాడు. నేను ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ కవరు గుర్తొచ్చింది. వెనక ఏమని రాయాలి? పూర్తిగా లేవని దాన్ని లేచానని రాస్తే, మళ్ళీ జనవరికే వెళ్ళినట్టు. "సగం కాజాకి బొత్తాం పట్టదు. పదకొండు అని రాయండి" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. వీధిలో ఎవరో పసుపు గొడుగు వేసుకుని వెళ్తున్నారు. ఇక ఇవన్నీ చూడనేమో అనుకున్నాను.

మావాడు దిగి వెళ్ళిపోయాడు. ఒప్పందం ఒప్పందమే, వాణ్ణి ఏమనడానికి లేదు. తిరిగి చూద్దును కదా, వాడి టెస్టరు బల్ల మీద ఉంది. అది లేకుండా కరెంటు తీగ ముట్టుకుంటాడేమోనని భయమేసింది. సంచీలో వేసి దింపాలన్న ఆలోచనే రాలేదు. టెస్టరు పట్టుకుని "ఒరేయ్, ఒరేయ్" అంటూ దిగాను. మలుపులో కుర్చీ ఉందన్న సంగతీ గుర్తులేదు. వీధిలోకి వెళ్ళి, బండి ఎక్కబోతున్నవాడి చేతిలో పెట్టి, నాలుగు తిట్టి, వెనక్కి తిరిగి ఎక్కేశాను. పైకి వచ్చేసరికి ఇంకోసారమ్మ గుమ్మంలో గడియారం చూస్తూ నిలబడి ఉంది. అప్పుడు తెలిసింది నాకు, నలభై రెండు దిగాను, నలభై రెండు ఎక్కాను, ఎక్కడా కూర్చోలేదు. తెలిశాక కుర్చీలో కూలబడ్డాననుకో, అది వేరే సంగతి.

కిటికీలోంచి చూస్తే మావాడు ఇంకా కిందే ఉన్నాడు, టెస్టరు చేత్తో పట్టుకుని, తల పైకెత్తి. జేబులోంచి ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. తర్వాత గంట లాగాడు. సంచీ పైకి లాగితే అందులో చీటీ ఉంది, సిగరెట్టు పెట్టె అట్ట మీద రాశాడు. "గది వద్దని చెప్పేశాను. రంగు ఆ గదివాళ్ళకే మంచిదైంది. సంచీలో ఇక దారాలూ బొత్తాలూ మాత్రమే." సిగరెట్లు మానేశానన్నాడు, అబద్ధాలకోరు. మీ ఇంటి పోలికే.

నేను ఇక్కడే ఉంటున్నాను మరదలా! ఈ కిటికీ దగ్గరే!

నీ వదిన

(కవరు వెనక: 11)


నీ మెట్ల కింద నుంచి
జులై 17, పొద్దున పదకొండు

వదినకి,

తల బయటికి పెట్టకు, ముందు చదువు. గంట లాగింది నేనే. స్టాంపు లేకుండా ఉత్తరం పంపడం నా జీవితంలో ఇదే మొదలు, సంచీ నీది కాబట్టి జరిమానా నువ్వే కట్టుకో.

నాలుగు గంటల బస్సు ప్రయాణం, రెండుచోట్ల దిగి నడిచాం. మా అమ్మాయి పక్కనే ఉంది, సామాను దానిదే, నేను ఏమీ ఎత్తలేదు, బెంగపడకు. నీలం కోటు వేసుకున్నాను. బస్సులో ఒకావిడ ఎక్కడ కుట్టించారని అడిగింది. మా వదిన దగ్గర, నలభై రెండు మెట్లు ఎక్కాలి మరి, అన్నాను. గర్వంగానే అన్నాను.

పోయినేడు ఈపాటికి నీ దగ్గరికి రావాలని అనిపించేది కాదు, వస్తే మళ్ళీ ఏదో ఒకటి అనుకుంటామని. నవంబరు తర్వాత రావాలనిపించేది, లేవలేకపోయేదాన్ని. మంచం మీద పడుకుని నీ గది మెట్లు కళ్ళు మూసుకుని ఎక్కేదాన్ని, ఎప్పుడూ మలుపు దాకానే గుర్తొచ్చేవి. ఇవాళ ఆ మలుపు దాకా నిజంగా ఎక్కుతాను. ఇరవై ఒకటి. మిగతా ఇరవై ఒకటి ఇంకా నా వల్ల కాదు, ఒప్పుకుంటున్నాను. కాసేపు కూర్చున్నాక చూద్దాం.

కాబట్టి సగం నువ్వు దిగు. నేను నెమ్మదిగా వస్తాను, రెయిలింగు పట్టుకుని, వీపు నిటారుగా. కానీ ఒక చిక్కుంది. మలుపులో కుర్చీ ఒకటే అన్నావు. ఎవరు కూర్చోవాలో ఇప్పుడే తేల్చు, అక్కడికి వచ్చాక పోట్లాడుకుంటే మాస్టారు చూస్తాడు.

నీ ఆడపడుచు

(కవరు లేదు, కాగితం వెనకే రాస్తున్నాను: 7)


కుట్టుగది
జులై 17, పదకొండు దాటి అయిదు నిమిషాలు

మరదలా,

కుర్చీ నీది. ఇందులో వాదన లేదు, నేను నిలబడే మాట్లాడతాను, నాకు ఇప్పుడు చేతనవును.

పొద్దున పదకొండే వచ్చాయి. నీ ఉత్తరం చదివి ఒక్కసారిగా లేచాను, అది పన్నెండోది. లెక్కలో రాసుకోనులే, నీకు చెబుతున్నానంతే.

సంచీ దింపుతున్నాను. చదివి వెంటనే ఎక్కడం మొదలుపెట్టు. నేను బయల్దేరాను.

(వెనక: 11)